రాయి ఎవరికి నిలపాలి?

పల్నాడులో పుట్టినవాడికి యుద్ధం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ముగిసిన పోరు నిన్నమొన్న జరిగినట్టు అయిదు రోజులపాటు మళ్ళీ నడుస్తుంది. వీరాచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో కొణతాలు ఎత్తుకొని వస్తారు. నాగులేటిలో ఆ ఆయుధాలకు స్నానం చేయిస్తారు. డప్పు మోగుతుంటే పూనకాలు వస్తాయి. మాచవరం వైపు నుంచి కూడా జనం ఆటోల్లో, ట్రాక్టర్లలో పోతారు. మా బడి పిల్లలూ పోతారు.

మేం మాచవరం చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పుకునే గిరిజన ఉపాధ్యాయులం. మాలో సుగాలీలున్నారు, ఎరుకలవాళ్ళున్నారు. ఈ వ్యాసంలో 'మేం' అన్నది ఆ కొద్దిమందిని. 'మనం' అన్నచోట మాత్రం చదివేవాళ్ళు కూడా మాతో కలిశారని అనుకోండి. మన భాషలో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉండటం మంచిదే, ఎవరి తరఫున మాట్లాడుతున్నామో దాచుకోవడానికి వీలుండదు.

ఉత్సవాలకు పోయొచ్చిన ఏడో తరగతి పిల్లాడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "సార్, వీళ్ళు చచ్చిపోయినందుకు పండగా, చంపినందుకు పండగా?" గద్దిద్దామనుకుంటే మా దగ్గర జవాబు లేదు. స్టాఫ్ రూములో ఆ ప్రశ్న మీద చాలా రోజులు మాట్లాడుకున్నాం. తెగలేదు. ఆ మాటల్లో కొన్నిటిని ఇక్కడ పెడుతున్నాం.

ఇది తీరికగా కూర్చొని చేసే తర్కం కాదు మాకు. తెల్లవారుజామున నాలుగున్నరకు మా తండాల దగ్గర రోడ్డు మీద చూడండి. పదిమంది పిలగాళ్ళు పరుగెత్తుతుంటారు. సైన్యం భర్తీలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది, దానికి తయారవుతున్నారు. ఇంటర్ అయిపోయింది, పొలం లేదు, ఉన్నా నీళ్ళు లేవు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో దినకూలీకి పోవడం ఒక దారి, మిరపకాయల కోతకు వలస పోవడం ఇంకో దారి. మూడో దారి ఆ పరుగు. వాళ్ళలో కొందరికి మేమే ఎక్కాలు నేర్పాం. సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టింది, దరఖాస్తులు నింపించింది కూడా మేమే. అటువంటప్పుడు యుద్ధంలో చనిపోవడం గురించి ఆ పిల్లలకు మనం ఏం చెబుతున్నామన్నది వాళ్ళ ప్రాణానికి సంబంధించిన విషయం.

2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో మురళీ నాయక్ చనిపోయాడు. సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ, అగ్నివీర్‌గా చేరినవాడు. ఆ వారం మన తండాల్లో ఎవరి ఫోను చూసినా ఆ పిల్లవాడి ముఖమే. మంత్రులు వచ్చారు, తుపాకులు పేల్చి వందనం చేశారు, జెండా కప్పారు. మన మనిషికి అంత మర్యాద జరగడం మన పెద్దవాళ్ళు ఎన్నడూ చూడలేదు. ఏడుస్తూనే గర్వపడ్డాం. ఆ గర్వం నిజమైనదే, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. అయితే అదే వారంలో మా పిల్లలు వాట్సాప్‌లో పంచుకున్న వీడియోల్లో ఇంకొకటి కూడా ఉంది. ఆ ముఖం వెనక మంటలు, సినిమా పాట, 'పగ తీర్చుకుందాం' అన్న అక్షరాలు. ఒకే ముఖం రెండు పనులకు వాడుతున్నారు. ఒకటి అతన్ని తలుచుకోవడం. రెండోది అతని పేరు చెప్పి ఇంకొకరి కొడుకుని పిలవడం.

మా ప్రశ్నంతా ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందన్నదే.

మాలో ఒక టీచరమ్మ అంది: "అసలు పిల్లల్ని కారంపూడి పంపడమే తప్పు. కత్తులకు దండం పెట్టించి తరవాత శాంతి పాఠం చెబితే ఎవడు వింటాడు?" ఇంకొకాయన ఒప్పుకోలేదు. "ఆ గుడి లేకపోతే బాలచంద్రుడి పేరైనా మిగిలేదా? చనిపోయినవాళ్ళను మరిచిపోయే ఊరు బతికున్నవాళ్ళను ఏం చూసుకుంటుంది?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. అందుకని ఉత్సవాన్నే కొంచెం నిదానంగా చూద్దామనుకున్నాం.

ఆ అయిదు రోజుల పేర్లు చూడండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఇందులో గెలుపు పేరుతో ఒక్క రోజు లేదు. ఇది మాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఇన్నేళ్ళుగా పోతున్నాం, వస్తున్నాం, పేర్లు నోటికి వచ్చు, అయినా గమనించలేదు. యుద్ధం ఆపమని అడగడానికి నలగామరాజు దగ్గరకు పోయి విషప్రయోగానికి బలైన అలరాజుకు ఒక రోజంతా ఇచ్చారు. పశువుల మందను కాచుకుంటూ ప్రాణం ఇచ్చిన కాపరి లంకన్నను తలుచుకోవడానికి ఒక రోజు. మాచర్ల చాపకూడును గుర్తు చేస్తూ కులం అడక్కుండా అందరూ ఒక చాప మీద కూర్చొని తినడం ఆ ఉత్సవంలోనే ఉంది. ఒక కోడిపందెం దగ్గర మొదలైన పంతం ఎక్కడికి పోయిందో చూపించడానికి ఇంకో రోజు. చివరకు కళ్ళిపాడు, అందరూ ఒరిగిపోయిన చోటు. ఈ వరసను ఎవరు కట్టారో గాని, వాళ్ళు యుద్ధాన్ని మెచ్చుకోవడానికి కట్టలేదు. చనిపోయినవాళ్ళ వెంట చివరిదాకా నడిచి రావడానికి కట్టారు.

బాలచంద్రుడి తమ్ములని చెప్పుకునేవాళ్ళలో బ్రాహ్మణుడు అనపోతు దగ్గర నుంచి చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి కులాలవాళ్ళదాకా ఉన్నారు. మాల కన్నమదాసు సేనకు పెద్ద. ఇంతమంది పేర్లు ఎనిమిది వందల ఏళ్ళు నిలబడ్డాయంటే, శ్రీనాథుడు రాసిన పల్నాటి వీరచరిత్ర ఒక్కటే కారణం కాదు. పిచ్చుకగుంట్లవాళ్ళు ఇంటింటి ముందు పాడుతూ వచ్చారు. రాజుల కథల్లో మామూలుగా ఇన్ని కులాల చావులకు చోటు దొరకదు. ఇది మేం మెచ్చుకుంటాం.

అయితే పిల్లలు అక్కడి నుంచి ఏం తెచ్చుకుంటున్నారు? ప్లాస్టిక్ కత్తి. దారి పొడుగునా ఫ్లెక్సీలు చూస్తారు, వాటి మీద 'పల్నాటి పౌరుషం' అని ఉంటుంది. కత్తి ఎత్తిన బాలచంద్రుడు ఉంటాడు, పక్కన ఏదో పార్టీ నాయకుడు ఉంటాడు. రాయబారం పోయిన అలరాజు బొమ్మతో ఫ్లెక్సీ మేం ఒక్కటీ చూడలేదు. పౌరుషం అన్న మాట పల్నాడులో ఎంత పని చేసిందో మనకు తెలుసు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఊళ్ళు వదిలి పారిపోయిన కుటుంబాలు, నాటుబాంబులు, కోర్టు వాయిదాల చుట్టూ తిరిగి అప్పుల్లో మునిగిన ఇళ్ళు. కక్షల్లో చనిపోయినవాడి ఫొటోకి దండ వేసి, దాని ముందే కొడుకు చేత ఒట్టు వేయించుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ ఆ దండ చనిపోయినవాడికి వేసింది కాదు. తరవాత జరగబోయే దానికి వేసింది.

ఇంకొక మాట. ఆ కథలో ఆడవాళ్ళు ఎక్కడున్నారో చూశారా? తప్పంతా నాగమ్మ నెత్తిన పెట్టారు. మగవాళ్ళు పందెం కాశారు, మగవాళ్ళు పంతం పట్టారు, మగవాళ్ళు కత్తి తీశారు, కారణం మాత్రం ఆవిడ. అలరాజు భార్య పేరిందేవి అటు నలగామరాజుకు కూతురు. పుట్టిల్లు మొగుణ్ణి చంపింది, ఆవిడ అతనితోపాటు చితి ఎక్కింది. రెండు పక్షాల మధ్య పేరిందేవి పడిన బాధను మాట్లాడితే పౌరుషం అన్న మాట గొంతులో అడ్డం పడుతుంది. అందుకే కాబోలు మైకుల్లో ఆవిడ పేరు అంతగా వినపడదు.

కథ చివర కూడా అంతే. అంతా అయిపోయాక బ్రహ్మనాయుడు గద్దె ఎక్కలేదు, రాజ్యం నలగామరాజుకే వదిలేసి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెబుతారు. ఆ బిలం మనకు దగ్గరే. తొలి ఏకాదశికి పోయి లోపల చీకట్లో నీళ్ళలో మునిగి వస్తాం. ఇంత యుద్ధం చేసిన మనిషి చివరకు గుహలోకి ఎందుకు పోయాడని మాత్రం అడగం. మా పిల్లలతో అడిగించాం. ఒకడు "సిగ్గేసి ఉంటుంది సార్" అన్నాడు. ఇంకొకమ్మాయి "ఊళ్ళో ఎవరూ లేరు కదా, ఎవరితో మాట్లాడతాడు" అంది. పరీక్షల్లో మార్కులు రాని జవాబులివి.

ఇక రాళ్ళ సంగతి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు దొరికాయి. అంటే 3, 4 శతాబ్దాల నాటివి. ఛాయాస్తంభం ఎంత మంచి మాట! మనిషి పోయాడు, నీడ మిగిలింది, ఆ నీడకు ఒక స్తంభం. యుద్ధంలో పడిపోయిన సైనికులకు, సేనానులకు నిలిపినవి వాటిలో ఉన్నాయి. రాచకుటుంబంవాళ్ళకు నిలిపినవి ఉన్నాయి. ఒక పనివాడికి నిలిపినది కూడా ఉంది. కత్తి పట్టినవాడికీ ఉలి పట్టినవాడికీ ఒకే రకం నీడ. నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఆ లోయ అంతా నీళ్ళలో మునిగింది. స్తంభాలను పైకి తెచ్చి కొండ మీది మ్యూజియంలో పెట్టారు. పడవలో పోయి చూడవచ్చు. బడి పిల్లల్ని తీసుకుపోయే టీచర్లు బుద్ధుడి శిల్పాల దగ్గరే ఆగిపోకుండా ఈ స్తంభాల దగ్గర కూడా కాసేపు నిలబడండి.

ఉత్తరాన సవరలు ఇంకొక రకంగా చేస్తారు. చనిపోయినవాళ్ళ కోసం గువార్ అనే కర్మలో ఒక్కొక్కరికి ఒక్కొక్క రాయి నిలుపుతారు. అక్కడ రాళ్ళ గుంపు చూస్తే ఏది ముసలమ్మది, ఏది వేటకు పోయి పడిపోయినవాడిది అని బయటివాడికి తెలియదు. బస్తర్‌లో, గోదావరి అడవుల్లో గోండులూ కోయలూ చనిపోయినవాళ్ళకు రాళ్ళు నిలిపారు. ఆ రాళ్ళ కింద చిన్నవాటిని చూసి మామూలు జనం నవ్వుతారు, శిల్పం లేదు, అక్షరం లేదు అని. కానీ వీటి వెనక ఒక ఆలోచన ఉంది. ఎలా చనిపోయాడన్న లెక్కతో రాయి రాదు. మనవాడు కాబట్టి వస్తుంది.

ఇక్కడే మా స్టాఫ్ రూములో పెద్ద గొడవ. "అయితే దేశం కోసం చచ్చినవాడూ, పాము కరిచి చచ్చినవాడూ ఒకటేనా?" అని అడిగాడు మా సహోద్యోగి. ఆయన తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, కాబట్టి అది ఊరికే అడిగిన మాట కాదు. మేం చాలాసేపు మాట్లాడలేదు.

ఒకటి కాదు. ఇతరులకు బదులు తాను నిలబడినవాడికి మనం బాకీ ఉన్నాం. పాము కరిచినవాడికి ఉన్నది ప్రేమ, వీడికి ప్రేమతోపాటు బాకీ కూడా ఉంది. దాన్ని కాదనడం కృతఘ్నత. కానీ ఆ బాకీ ఎవరికి అన్నది చూసుకోవాలి. ఆ మనిషికి, ఆ మనిషి వదిలిపోయిన తల్లిదండ్రులకు, పెళ్ళాం పిల్లలకు. యుద్ధానికి మనం ఏమీ బాకీ లేము. బాకీ తీర్చే పద్ధతి కూడా అక్కడే తేలుతుంది. వాడి తల్లికి పింఛను వచ్చిందా, వాగ్దానం చేసిన పొలం చేతికి వచ్చిందా, లేక తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతోందా? అగ్నివీర్ కొలువు నాలుగేళ్ళది. ఆ తరవాత నాలుగో వంతు మందికి మించి శాశ్వతంగా ఉంచుకోరు. మిగిలినవాళ్ళు చేతిలో కొంత సొమ్ముతో ఇరవై అయిదేళ్ళ వయసులో తిరిగి తండాకే వస్తారు. బతికి వచ్చినవాడికి ఉద్యోగం లేదు, చనిపోయినవాడికి విగ్రహం ఉంది అన్న పరిస్థితి వస్తే, పిల్లలు దాని నుంచి ఏ పాఠం నేర్చుకుంటారు? అది మనం చెప్పాలనుకున్న పాఠం కాదు.

1971 డిసెంబరులో గంగాసాగర్ దగ్గర చనిపోయిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్ ఆదివాసి. పరమవీరచక్ర ఇచ్చారు. రాంచీలో ఆయన పేరిట పెద్ద కూడలి ఉంది. ఆ కూడలిలో తిరిగే ఆదివాసుల్లో ఎంతమందికి భూమి మిగిలిందన్నది కూడా ఆయన్ను గౌరవించడంలో భాగమే అని మా అభిప్రాయం.

ఇంతవరకు ఇతరుల యుద్ధాల గురించి మాట్లాడాం. మన పోరాటాల దగ్గరకు వచ్చేసరికి మాట తడబడుతుంది, ఎందుకంటే ఇక్కడ వీరగాథ పాడాలని మనకే ఉంటుంది. 1922లో ఇదే పల్నాడులో అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమంటే కట్టమని జనం ఎదురు తిరిగారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు ముందు నిలిచాడు. అడవి మీద బతికే చెంచులకు ఆ ఆంక్షలు ఇంకా ముందే మెడకు చుట్టుకున్నాయి. పోలీసులు హనుమంతును కాల్చి చంపారు. ఆయన చేసిన పోరు ముఖ్యంగా 'కట్టం' అనడం, అధికారులకు సాయం అందకుండా చేయడం. చంపకుండా చనిపోయిన మనిషి. అయినా కొన్నిచోట్ల ఆయన్ను కూడా సినిమా వీరుడిలా కండలు తిప్పి బొమ్మ గీస్తున్నారు.

అదే ఏడు మన్యంలో రంప తిరుగుబాటు. పోడు మీద ఆంక్షలు, కూలి ఇవ్వకుండా నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు పని చేయించడం, వీటి నుంచి పుట్టింది అది. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? గంటందొర పోరులోనే పోయాడు. మల్లుదొర జైలుకు పోయి, బతికి వచ్చి, 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. బతికి వచ్చి అడవి మాట ఢిల్లీలో చెప్పడానికి పోయినవాడి మీద పాట తక్కువ. ఇది కూడా ఆలోచించవలసిందే. చనిపోతేనే వీరుడన్న లెక్క మనకు ఎవరు నేర్పారు?

ఆ తిరుగుబాటును అణచడానికి మలబార్ పోలీసుల్ని, తరవాత అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు. అస్సాం రైఫిల్స్‌లో ఉన్నవాళ్ళు ఎవరు? గూర్ఖాలు, ఈశాన్య కొండజాతులవాళ్ళు. వాళ్ళ ఊళ్ళోనూ ఆకలే. ఒక కొండవాడు ఇంకొక కొండలో తనలాంటివాడి మీద తుపాకి పెట్టాడు. మన పక్షం న్యాయమైనది, అందులో మాకు అనుమానం లేదు. న్యాయమైన పక్షంలో చనిపోయినవాడికి మనం నిలిపే రాయి మీద ఆ న్యాయం రాయాలి. పోడు భూమి అని రాయాలి, కూలి అని రాయాలి. అవతల పడినవాడి ఊరి పేరు మనకు తెలియకపోయినా, అక్కడా ఒక తల్లి ఎదురు చూసిందన్నది మరిచిపోతే మన రాయి కూడా ఫ్లెక్సీ అయిపోతుంది.

గౌరవం అడ్డుకున్న కథలూ మన దగ్గర ఉన్నాయి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. అక్కడ స్తూపం ఉంది. కానీ చాలా ఏళ్ళు ఆ తేదీన అక్కడికి పోయి పూలు పెట్టడానికి కూడా ఆంక్షలు పెట్టారు. చనిపోయినవాళ్ళను తలుచుకుంటే గొడవలవుతాయని భయం. తలుచుకోనివ్వకపోతే ఏమవుతుందో ఆ భయపడేవాళ్ళు ఆలోచించినట్టు లేదు. ఏడవడానికి చోటు దొరకని దుఃఖం పగగా మారడం మనకు పల్నాడులో కొత్త కాదు. కాబట్టి "యుద్ధాన్ని పొగడకూడదు గనుక స్మారకాలే వద్దు" అనే మాట మాకు ఒప్పుదల కాదు. ఆ మాట ఎప్పుడూ బలహీనుడి స్మారకం మీదే పడుతుంది. రాజుల విగ్రహాల జోలికి పోదు.

అశోకుడి సంగతి చెప్పకుండా ఏ టీచరూ ఈ పాఠం ముగించడు. కళింగ యుద్ధం తరవాత ఆయన పశ్చాత్తాపపడ్డాడని ఆరో తరగతి నుంచి చెబుతూనే ఉన్నాం. ఆ 13వ శాసనం మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కి ఉంది. లక్షమంది చనిపోయారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు, అంతకు ఎన్నో రెట్లు తరవాత పోయారని ఒక రాజే తన గెలుపు గురించి రాయించుకున్నాడు. లోకంలో ఇలాంటి శాసనాలు ఎక్కువ లేవు. చనిపోయినవాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళ బాధను కూడా అందులో తలిచాడు. ఇదంతా పిల్లలకు చెప్పాలి. దాంతోపాటు పాఠ్యపుస్తకంలో లేని ముక్క కూడా చెప్పాలి. అదే శాసనంలో ఆయన రాజ్యంలోని అడవి జనానికి ఒక హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపపడ్డాను గాని దండించే శక్తి నాకు ఇంకా ఉంది, జాగ్రత్తగా ఉండండి అన్న అర్థంలో. అంటే యుద్ధం వద్దన్న చక్రవర్తి కూడా మన వైపు తిరిగేసరికి గొంతు మార్చాడు. మొదటిసారి ఇది చదివినప్పుడు మాలో ఒకావిడ పుస్తకం మూసి, "రెండు వేల మూడు వందల ఏళ్ళుగా ఇదే నోటీసు" అంది. నవ్వాం. తరవాత నవ్వు ఆగిపోయింది.

దీన్ని చూసి అశోకుడి దుఃఖం దొంగ ఏడుపు అని మేం అనం. దుఃఖం నిజమే అయి ఉండవచ్చు. కానీ దుఃఖపడినంత మాత్రాన ఆయుధం కింద పెట్టినట్టు కాదు. స్మారక దినాల్లో రెండు నిమిషాలు మౌనం పాటించే ఏ ప్రభుత్వం గురించైనా ఇదే ప్రశ్న అడగవచ్చు. మౌనం తరవాత మైకు పట్టుకున్నవాడు ఏం మాట్లాడుతున్నాడో వింటే గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. చనిపోయినవాడి గురించి మాట్లాడుతున్నాడా, ఇంకా చావవలసినవాళ్ళ గురించి మాట్లాడుతున్నాడా?

బడిలో మేం చేస్తున్నది చిన్న పని. ఆగస్టు 15కు సైనికుడి వేషం వేయాలంటే వేయనిస్తున్నాం. కానీ వేషం వేసిన పిల్లవాడు ఆ సైనికుడు చిన్నప్పుడు ఏం తినేవాడో, ఏ ఆట ఆడేవాడో, ఇంటికి ఉత్తరంలో ఏం రాసి ఉంటాడో కూడా చెప్పాలి. తుపాకి పట్టుకొని 'భారత్ మాతా కీ జై' అని దిగిపోతే మార్కులు లేవు. కారంపూడి ఉత్సవాల సమయంలో రాయబారం ఘట్టాన్ని నాటకం వేయించాం. మొదట అలరాజు వేషానికి ఎవరూ ముందుకు రాలేదు, కత్తి లేకుండా చచ్చిపోతాడు కాబట్టి. చివరకు ఒక సుగాలి పిల్ల నేను వేస్తానంది. ఆ పిల్ల గడప దగ్గర ఆగి, లోపలికి పోవాలా వద్దా అని వెనక్కి చూసినప్పుడు కింద కూర్చున్న పెద్దవాళ్ళు మాట్లాడటం మానేశారు. సైన్యానికి పరుగెత్తే పిలగాళ్ళు కూడా వెనక నిలబడి చూశారు. వాళ్ళు మర్నాడు పరుగు మానలేదు. మానమని మేం చెప్పలేదు, చెప్పే హక్కు మాకు లేదు, ఆ కొలువుకు బదులు చూపించడానికి మా దగ్గర ఇంకొకటి లేదు. భర్తీకి పోయేవాడితో మాత్రం ఒక మాట అంటున్నాం: "నువ్వు తిరిగి రావడం కోసం పోతున్నావు రా, విగ్రహం కావడానికి కాదు."

ఇంకొకటి మొదలుపెట్టాం. ప్రతి పిల్లా తన ఇంట్లో చనిపోయిన ఒకరి పేరు, ఆ మనిషి ఏం పని చేసేవాడో, దేనికి నవ్వేవాడో అడిగి తెలుసుకొని ఒక పెద్ద నోటుబుక్కులో ఒక పేజీ రాయాలి. కాన్పులో పోయిన మేనత్త ఉంది అందులో. సున్నపు బట్టీ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పోయిన తాత ఉన్నాడు. ఊళ్ళ మీద ఉప్పు, గింజలు మోసే బిడారుల కథలు చెప్పిన ముసలమ్మ ఉంది. ఆ బిడారులే ఒకప్పుడు టిప్పుతో యుద్ధానికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యానికి ఎద్దుల మీద ధాన్యం మోశాయని మేం పక్కన పెన్సిలుతో రాశాం. యుద్ధాలకు అన్నం మోసి దారిలో పడిపోయిన ఆ బంజారాల పేర్లు ఎక్కడా చెక్కలేదు. కక్షల్లో పోయిన ఒక చిన్నాన్న పేజీ కూడా వచ్చింది. రాసిన పిల్లవాడు ఎవరు చంపారో రాయలేదు, ఈత బాగా కొట్టేవాడని రాశాడు. ఒక పేజీ సైన్యంలో చనిపోయిన మనిషిది.

ఆ సైనికుడి పేజీని పుస్తకంలో మొదట పెట్టాలా, వరసలోనే ఉంచాలా అన్నదాని మీద మా స్టాఫ్ రూములో ఇంకా మాట కుదరలేదు. తమ్ముడు సైన్యంలో ఉన్న మా సహోద్యోగి మొదట పెట్టాలంటాడు. టీచరమ్మ ఒప్పుకోదు. ప్రస్తుతానికి పిల్లలు తెచ్చిన వరసలోనే ఉంది, ఈత కొట్టే చిన్నాన్నకూ మేనత్తకూ మధ్య.